పైవాడి సంచి

క్రేను పనిచోటు,
రేకుల గది నుంచి.

బావా,

ఉత్తరం చూసి కంగారు పడకు. నేను పోలేదు, ఉద్యోగమూ పోలేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీ ఫోన్ ఎప్పుడైనా నువ్వు ఎత్తావా? కొళాయి కారుతోందని ఎవరు చేసినా అక్కే ఎత్తి, వీధీ ఇంటి నంబరూ రాసుకుని, "రేపు పొద్దున్నే పంపిస్తా" అని నిన్ను అద్దె సైకిల్లా పంపిస్తుంది. నేను "హలో" అన్న తీరును బట్టే నా ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టేస్తుంది. అందుకే ఇంటికి కాకుండా నువ్వు సామాన్లు కొనే పైపుల కొట్టుకు రాస్తున్నాను. అక్కకు చెప్పనని ముందు ఒట్టు వేసుకో. వేసుకున్నాకే కింది పేరా చదువు.

వేసుకున్నావా? నా లోపలి సంచి పేచీ పెడుతోంది.

రెండేళ్ల కిందట డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది గుర్తుందిగా. పుండ్లు పడిన పెద్దపేగు మొత్తం తీసేసి, చిన్నపేగు చివరను మడిచి కుట్టి, లోపలే ఒక సంచిలా చేసి కింద కలుపుతామంది. నువ్వు ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "అంతా బాగుందమ్మా, మరి ఓవర్‌ఫ్లో పైపు ఏదీ?" అన్నావు. ఆవిడ చేతిలో పెన్ను కింద పడింది. ఆ కుట్లు మానేదాకా కొన్ని నెలలు పొట్ట మీద బయట ఇంకో సంచి తగిలించారు. అది నిండినప్పుడల్లా ఖాళీ చేసి, కడిగి, మళ్లీ అతికించింది అక్క. అప్పుడు నాకు లేచి కూర్చునే ఓపిక కూడా లేదు.

బయటి సంచి తీసేశాక బాగానే ఉన్నాను. మళ్లీ క్రేను ఎక్కాను. రోజుకు మామూలు మనుషుల కంటే నాలుగైదు సార్లు ఎక్కువ మరుగుదొడ్డికి వెళ్లాల్సి వచ్చినా, వేళకు వెళ్లి వేళకు వచ్చేవాణ్ని. రెండు వారాలుగా అది రెట్టింపయింది. వచ్చిందంటే ఆగదు. పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు నొప్పి. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోంది.

నేల మీద ఉద్యోగమైతే ఎలాగో నెట్టుకొద్దును. నా సీటు ఎక్కడుందో నీకు తెలుసు. దిగాలంటే నిచ్చెన తర్వాత నిచ్చెన. దిగాక పనిచోటు ఆ చివర, క్యాంటీన్ వెనక, మరుగుదొడ్లు. దిగిన ప్రతిసారీ ఒక సాకు చెప్పాలి. "కళ్లజోడు మరిచిపోయాను" అన్నాను ఒకసారి. నాకు కళ్లజోడు లేదని జెండా గుర్తు చేశాడు. జెండా అంటే కింద నిలబడి నాకు సైగలు చేసే పెద్దాయన. చేతిలో ఎర్రజెండా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. "పైన గాలి ఎక్కువగా ఉంది" అన్నాను ఇంకోసారి. ఆరోజు ఆకు కూడా కదల్లేదు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడే నాకంటే నయం.

ఇక్కడ అందరూ నన్ను పైవాడు అంటారు. "పైవాడి దయ ఉంటే మధ్యాహ్నానికి ఇటుకలొస్తాయి" అనేవాళ్లు. ఇప్పుడు "పైవాడు పూటకో అవతారం ఎత్తుతున్నాడు" అంటున్నారు.

పాత జబ్బే తిరగబెట్టిందని నా భయం. డాక్టరమ్మ దగ్గరికి వెళితే ఏమంటుందో నాకు తెలుసు. ఈ సంచి చెడిపోయింది, తీసేద్దాం, ఇక జన్మంతా బయటి సంచే అంటుంది. బయటి సంచితో దర్జాగా తిరిగేవాళ్లను వార్డులో చూశాను, అది తప్పేం కాదు. కానీ క్రేను ఎక్కేటప్పుడు కట్టుకునే బెల్టు సరిగ్గా అక్కడే పడుతుంది. ఇంజినీరు నన్ను ఎక్కనివ్వడు. అది కూడా ఓర్చుకుంటాను. అక్క మళ్లీ పెట్టె సర్దుకుని వచ్చేస్తుంది చూడు, దాన్ని ఓర్చుకోలేను. ఆ చేతుల చేత మళ్లీ ఆ పని చేయించలేను బావా. అసలు సంగతి ఇదీ.

ఏదైనా ఉపాయం చెప్పు.

నీ బామ్మర్ది

~

పైపుల కొట్టు,
ఎల్బోల డబ్బా పక్కనుంచి.

ఒరేయ్ బామ్మర్దీ,

నీ ఉత్తరాన్ని కొట్టాయన పైపు మూలలకు పెట్టే ఎల్బోల డబ్బాలో భద్రంగా దాచి, నేను గడప తొక్కగానే నలుగురు మేస్త్రీల ముందు "నీకెవరో ప్రేమలేఖ రాశారయ్యా" అని అరిచాడు. రహస్యానికి మంచి చోటే చూశావు.

ఒట్టు వేసుకున్నాను. మీ అక్క మీద వేసుకోలేదు, తెలిస్తే బతకనివ్వదు. నా పైపు రెంచి మీద వేసుకున్నాను.

ముందు పెద్దవాడిగా చెబుతున్నాను, డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. ఈ ముక్క చెప్పానని గుర్తుంచుకో, రేపు మీ అక్క ముందు నాకు సాక్ష్యం కావాలి. నువ్వెలాగూ వెళ్లవు. కుందేటికి మూడే కాళ్లనే వంశం మీది. కాబట్టి ఇక మేస్త్రీగా చెబుతున్నాను.

ఎక్కడ కారినా మొదట చేయాల్సింది మెయిన్ వాల్వు కట్టడం. నేర్చుకునే రోజుల్లో మా గురువు వీపు మీద కొట్టి మరీ చెప్పిన పాఠం. ట్యాంకులోకి నీళ్లే పోకపోతే కింద కారడానికి ఏముంటుంది? క్రేను ఎక్కే ముందు నీళ్లు మానెయ్. తిండి సగం చెయ్. సాయంత్రం దిగాక తాగు, తిను. వారం పది రోజులు ట్యాంకుకు విశ్రాంతి ఇస్తే అదే సర్దుకుంటుంది. ఈ సలహాకు బయట వాళ్ల దగ్గరైతే డబ్బు తీసుకుంటాను.

మీ అక్క సంగతి. నీ క్రేను గురించి ఈ వీధిలో ఆవిడ చెప్పని ఇల్లు లేదు. "మా తమ్ముడు వేలు కదిపితే లారీ గాల్లోకి లేస్తుంది" అంటుంది. తను మాత్రం మన బాల్కనీలో బట్టలు ఆరేయాలంటే కళ్లు మూసుకుని తీగను తడుముకుంటుంది. ఎత్తు అంటే అంత భయం. మొన్న నా చొక్కా పక్కింటివాళ్ల తీగ మీద ఆరేసింది. ఆయన అది తొడుక్కుని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

నిన్న అన్నం తింటూ అడిగింది. "వాడు అంత ఎత్తున కూర్చుంటాడు కదా, కింద ఏదైనా ముంచుకొస్తే వాడికెలా తెలుస్తుంది? పిలిస్తే వినపడుతుందా?" అని. నాకేం తెలుసు? నువ్వు రాయి, నేను ముందే తెలిసినట్టు చెబుతాను. మొగుడిగా ఆ మాత్రం పరువు దక్కనీ.

మీ బావ

~

క్రేను క్యాబిన్,
మబ్బులకు కాస్త దిగువన.

బావా,

నీ వాల్వు పనిచేసింది! పొద్దున లేచింది మొదలు దిగేదాకా చుక్క నీళ్లు ముట్టడం లేదు. ఒక అరటిపండు, అంతే. దిగాల్సిన అవసరం సగానికి సగం తగ్గింది. నొప్పి ఉందనుకో, అది వేరే సంగతి. ఆసుపత్రిలో ఇంత చదువుకున్నవాళ్లకు ఈ చిన్న ఉపాయం ఎందుకు తట్టలేదా అని ఆలోచిస్తున్నాను.

అక్క అడిగినదానికి జవాబు. వాకీటాకీ ఉంది, కానీ జెండాకు దాని మీద నమ్మకం లేదు. సైగలే. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. కిందికి పెట్టి తిప్పితే దించమని. లోడు ఎత్తడానికీ దించడానికీ నేను ఒక్క జెండా చేతినే చూడాలి, యజమాని వచ్చి ఊపినా పట్టించుకోకూడదు. కానీ రెండు చేతులూ బార్లా చాపితే 'ఆగు' అని. ఆ ఒక్క సైగ మాత్రం ఎవరు చేసినా ఆగాల్సిందే. కూలీ చేసినా, క్యాంటీన్ ఆవిడ చేసినా, దారిన పోయేవాడు చేసినా సరే. ఎందుకు అని అడక్కూడదు. ముందు ఆగాలి, తర్వాత అడగాలి. పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ జెండా మొదటిరోజు చెప్పే పాఠం ఇదే.

దీనివల్ల తంటాలు కూడా ఉన్నాయి. ఒకసారి ఎదుటి మేడ మీద ఒకాయన దుప్పటి ఆరేయడానికి రెండు చేతులూ చాపాడు. నేను టక్కున ఆపేశాను. ఆయన దుప్పటి తీగకు అందక అలాగే నిలబడ్డాడు, నేనూ అలాగే ఉన్నాను. మొత్తం పని ఆగిపోయింది. చివరికి జెండా వెళ్లి ఆయన దుప్పటి ఆరేసి వచ్చాడు.

ఇంకో తలనొప్పి. నేను దిగినప్పుడల్లా క్యాంటీన్ వైపు పరుగెడుతున్నానని, క్యాంటీన్ ఆవిడ మీద మనసు పడ్డానని జెండా ప్రచారం మొదలుపెట్టాడు. ఆవిడ నమ్మింది. నా టీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువ వేస్తోంది. నేను తాగకపోతే మొహం చిన్నబుచ్చుకుంటోంది. వాల్వు కట్టేశానని ఆవిడకెలా చెప్పను?

మిగతాదంతా బాగానే ఉంది. నాలుక కాస్త పిడచకట్టుకుపోతోంది. నిన్న మధ్యాహ్నం ఒక్కసారి మాత్రం కొక్కెం వైపు చూస్తే రెండు కొక్కేలు కనిపించాయి. కళ్లు నులుముకుంటే మళ్లీ ఒకటే అయింది. ఎండ వల్లనేమో.

నీ బామ్మర్ది

~

ఇంటి నుంచి.
(అవును, ఇంటి నుంచే.)

ఒరేయ్,

రెండు కొక్కేలా?

ఆ మాట దగ్గర నా చేతిలో రెంచి జారి కాలి మీద పడింది. ఒట్టు దాని మీదే వేశాను కదా, అప్పుడే లెక్క సరిపోయిందనుకున్నాను. కుంటుకుంటూ ఇంటికి వెళ్లి మీ అక్కకు అంతా చెప్పేశాను. మాట తప్పాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, మాట్లాడటానికి నువ్వంటూ ఉండాలి.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నీ ఉత్తరాలు రెండూ చదివింది. మొదటిదాంట్లో నువ్వు 'అసలు సంగతి' అన్న పేరా మళ్లీ చదివింది. మడతపెట్టిన బట్టలను మళ్లీ విప్పి మడతపెట్టింది. తర్వాత "ఆ చేతుల సైగ ఎలా? చూపించు" అంది. వంటింట్లో రెండు చేతులూ చాపి చూపించాను, ఒక చేతికి తగిలి గాజు సీసా పగిలింది. దానికి కూడా తిట్టలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

పొద్దున మొదటి బస్సుకు బయల్దేరింది. ఈ ఉత్తరం పోస్టులో వస్తుంది, ఆవిడ బస్సులో వస్తుంది. నీకు ఎవరు ముందు అందుతారో నాకు తెలుసు. అయినా హెచ్చరించానన్న తృప్తి కోసం రాస్తున్నాను.

నీళ్లు తాగు. నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కొళాయిల గురించి తప్ప నేను ఇంకెప్పుడు ఏం చెప్పినా వినకు.

బావ

~

ఆసుపత్రి,
కిటికీ పక్క మంచం.

బావా,

నీ హెచ్చరిక నిన్న అందింది. అక్క దాన్ని నాకు చదివి వినిపించింది.

జరిగింది చెబుతాను, లేకపోతే నువ్వు మీ ఆవిడ చెప్పిందే నమ్ముతావు. చువ్వల కట్ట ఎత్తి సగం దూరం తెచ్చాను. జెండా కుడికి రమ్మంటున్నాడు. ఆయన వెనక, కంచె అవతల, ఎవరో రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డారు. ఆపేశాను. మళ్లీ దుప్పటేమో అనుకున్నాను. దుప్పటి లేదు. ఎడమ చేతికి చేతిసంచి వేలాడుతోంది. అంత బరువు చేతిసంచిని కింద పెడితే మట్టి అంటుతుందని, చాపిన చేతికే తగిలించుకుని నిలబడే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. అక్క!

జెండా కంగారులో వాకీటాకీ మీట నొక్కేసి ఉంచాడు, అందుకని కింది మాటలన్నీ నాకు వినిపిస్తున్నాయి.

"ఎవరమ్మా నువ్వు? చేతులు దించు! లోడు గాల్లో ఉంది!"

"వాణ్ని దించండి, నేను చేతులు దించుతా."

"ఎవర్ని?"

"మా తమ్ముణ్ని."

ఇంజినీరు పరుగెత్తుకొచ్చాడు. "పని ఆపడానికి నువ్వెవరమ్మా? నీకేం హక్కుంది?"

"ఎవరు చేతులు చాపినా ఆగాలంట కదా, ఎందుకని అడక్కూడదంట కదా. మీ రూలే. కాదంటే చెప్పండి, వెళ్లిపోతా."

ఇంజినీరు జెండా వైపు చూశాడు. జెండా తన ఎర్రజెండా వైపు చూశాడు. ఆ పాఠం పదిమందికీ చెప్పేది ఆయనే మరి. చివరికి బతిమాలుకున్నాడు. "అమ్మా, ఆ చువ్వలు కిందికి దించుకోనీ. తర్వాత మళ్లీ చాపుదువుగానీ, ఎవరూ కాదనరు." అక్క ఒప్పుకుంది. చువ్వలు నేల మీద ఆనగానే మళ్లీ చాపేసింది.

నిచ్చెనలు దిగాను. ప్రతి నిచ్చెన దగ్గరా ఆగి ఆగి వచ్చాను. అది నీరసమో భయమో చెప్పలేను. పనిచోటంతా బొమ్మల్లా నిలబడి చూస్తోంది. క్యాంటీన్ ఆవిడ గరిటెతో సహా వచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే అక్క కళ్లు గట్టిగా మూసి ఉన్నాయి. పైకి ఒక్కసారి కూడా చూడలేదు. నేను అంత ఎత్తున ఉండటం చూస్తే ఆమె పడిపోయేది.

"అక్కా, దిగాను."

"నేల మీదేనా?"

"నేల మీదే."

అప్పుడు కళ్లు తెరిచి నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. నెత్తిన హెల్మెట్ ఉందని మరిచిపోయింది. చెయ్యి వాచింది. ఇక్కడ మొదటి కట్టు ఆమెకే కట్టారు.

డాక్టరమ్మ కింది నుంచి సన్నటి కెమెరా గొట్టంతో చూసింది. "పాత జబ్బు కాదు. అది రావడానికి నీకు పెద్దపేగే లేదు కదయ్యా. సంచి లోపలి గోడ వాచింది. ఈ సంచి ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. రెండు వారాలు మాత్రలు వాడదాం" అంది.

"సంచి తీసేయాలా అండీ?"

"ఎవరన్నారు?"

"మీరంటారని నేనే అనుకున్నానండీ."

"నా బదులు నువ్వెందుకు అనుకున్నావు? నాకు జీతమిచ్చేదే అందుకు కదా!"

అంతటితో నవ్వడం ఆపేసింది. ఒంట్లో నీళ్లు పూర్తిగా ఇంకిపోయాయట. పెద్దపేగు లేనివాళ్లకు నీళ్లూ ఉప్పూ త్వరగా బయటికి పోతాయి కాబట్టి అందరికంటే ఎక్కువ తీసుకోవాలట. ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే మూత్రపిండాలు దెబ్బతినేవట. రెండు సెలైన్ సీసాలు ఎక్కించారు. "నీళ్లు మానేయమని సలహా ఎవరిచ్చారు?" అని అడిగింది. నేను సీలింగు వైపు చూశాను. అక్క "మా ఆయన. కొళాయిల పని" అంది. "ఆయన్ని ఒకసారి నా దగ్గరికి తీసుకురండి" అంది డాక్టరమ్మ. ఆవిడ నవ్వకుండా అంది బావా.

సాయంత్రం అందరూ వెళ్లాక అక్క మంచం పక్కన కూర్చుంది. నేను గోడవైపు తిరిగాను.

"నా చేతుల చేత మళ్లీ ఆ పని చేయించలేనని రాశావు కదా, ఇటు తిరుగు" అంది. తిరిగాను. రెండు చేతులూ నా మొహం ముందు పెట్టింది. ఒకదానికి కట్టు. "చూడు. వీటికేమైనా అయిందా? అరిగాయా? ఈ కట్టు కూడా నీ సంచి వల్ల రాలేదు, నీ బుర్ర వల్ల వచ్చింది. అప్పుడు నిన్ను కడిగినందుకు నాకు బాధ లేదురా. ఇప్పుడు నన్ను దూరం పెట్టావే, అదీ బాధ."

నేను ఏడ్చాను. రాయకూడదనుకున్నాను, కానీ ఇకమీదట దాచనని ఇప్పుడే మాటిచ్చాను. ఆమె కూడా ఏడ్చింది. అది రాయొద్దంది.

నీ బామ్మర్ది

~

ఇంటి నుంచి,
పగిలిన సీసా లేని వంటింట్లోంచి.

బామ్మర్దీ,

మీ అక్కను ఎప్పుడు పంపిస్తావు? నా బతుకు కుక్కలు చింపిన విస్తరిలా ఉంది.

ఫోన్ నేనే ఎత్తుతున్నాను. నిన్న ఒకావిడ "మీ మేస్త్రీ ఎప్పుడొస్తాడు?" అంది. "మేస్త్రీనే మాట్లాడుతున్నానండీ, ఇదిగో వచ్చేస్తున్నా" అన్నాను. "మీరొద్దు, ఆ అమ్మగారిని పిలవండి, ఆవిడైతే నిజం చెబుతుంది" అంది. ఒకే వేళకు రెండిళ్లకు మాటిచ్చి రెండిటికీ వెళ్లలేదు. మన వంటింటి కొళాయి కారుతోంది. పాఠం ప్రకారం మెయిన్ వాల్వు కట్టాను. ఒంటికి సబ్బు రాసుకున్నాక ఆ సంగతి గుర్తొచ్చింది. అప్పుడు నువ్వూ గుర్తొచ్చావు.

డాక్టరమ్మ దగ్గరికి నేను రాను. ఊళ్లో లేనని చెప్పు. కాదు, చెప్పకు, దాచడాలు వద్దు. వస్తాను. ఆవిడ తిడితే పడతాను. నీ ఒంట్లో ఉన్నది ట్యాంకు కాదని, దాన్ని కుట్టింది ఆవిడని, దాన్ని గురించి నోరెత్తే అర్హత నాకు లేదని నేనే ముందు చెప్పేస్తాను. నిజంగానే చెబుతున్నానురా. నిన్ను నవ్వించడానికి నేను ఏదో వాగితే, నువ్వు నా మాట నమ్మి దాహంతో అంత ఎత్తున కూర్చున్నావు. ఆ రెండు కొక్కేలు ఇప్పటికీ నా కళ్లముందు వేలాడుతున్నాయి.

ఒక్కటి చెప్పు. ఇది మళ్లీ వస్తుందా? వస్తే మొదట ఎవరికి చెబుతావు?

బావ

~

రేకుల గది నుంచి,
ఇంటి చిరునామాకు.

బావా,

కవరు మీద మీ ఇద్దరి పేర్లూ రాశాను చూశావా? కొట్టాయనకు ఇక ప్రేమలేఖలు రావని చెప్పు.

మళ్లీ వస్తుందా అంటే, రావచ్చట. కొందరికి ఒక్కసారితో సరి, కొందరికి వస్తూ పోతూ ఉంటుందట. "వస్తే నువ్వూ రా. దానికి మందుంది, దాచడానికి మందు లేదు" అంది డాక్టరమ్మ. మొదట ఆవిడకే చెబుతాను. తర్వాత అక్కకు. అక్క ఎలాగూ నీకు చెబుతుంది, నువ్వు వీధికంతా చెబుతావు.

మాత్రలు నోట్లో ఇనుప చువ్వ పెట్టుకున్నట్టున్నాయి, కానీ పనిచేశాయి. జ్వరం పోయింది, పిండుడు పోయింది. లెక్క మళ్లీ పాత లెక్కకు వచ్చింది. నడుముకు నీళ్ల సీసా కట్టుకునే తిరుగుతున్నాను. క్యాంటీన్ ఆవిడకు సంగతి తెలిసింది. "అయితే నా టీ కోసం కాదా!" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నా గ్లాసులో చక్కెర మానేసి ఉప్పు వేసిచ్చింది. అది పగో వైద్యమో తెలియక తాగేశాను.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం తీసుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్లాను. వెంట అక్క. ఆయన ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. చేతులు చాపుతుందని భయం. కళ్లు తిరుగుతున్నా క్రేను నడిపినందుకు నాకు గడ్డి పెట్టాడు. న్యాయమే, పడ్డాను. ఆయన తిట్టడం పూర్తయ్యాక అక్క అందుకుంది. "మరుగుదొడ్డి ఆ చివర ఎందుకు పెట్టారండీ? పైనుంచి దిగినవాడు ఎంత దూరం పరుగెత్తాలి? ఇక్కడ ఆడకూలీలు ఎంతమంది ఉన్నారు, వాళ్లనెప్పుడైనా అడిగారా?" ఇంజినీరు పెన్ను తీసి రాసుకున్నాడు. బయట నిలబడ్డ ఆడకూలీలు చప్పట్లు కొట్టారు.

ఇవాళ మళ్లీ క్రేను ఎక్కాను. నా మొదటి లోడు ఏమిటో చెప్పుకో. మరుగుదొడ్డి! రేకుతో చేసిన కొత్తది, తలుపూ గొళ్లెం అన్నీ ఉన్నాయి, లారీలో వచ్చింది. దాన్ని ఎత్తి క్రేను కాలి దగ్గర పెట్టాలి. పెళ్లికూతురి పల్లకిలా దానికి నాలుగు మూలలా తాళ్లు కట్టారు. పనిచోటంతా చుట్టూ చేరింది.

అక్క సాయంత్రం బస్సుకు బయల్దేరుతోంది, నువ్వు ఊపిరి పీల్చుకో. వెళ్లేముందు కంచె లోపలికి వచ్చి జెండా పక్కన నిలబడింది. జెండా తన హెల్మెట్ తీసి ఆమెకు పెట్టి, తను ఇంకోటి వెతుక్కున్నాడు. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పాడు. పక్కనే అక్క కూడా కట్టున్న చేతి వేలు తిప్పింది. రూలు ప్రకారం నేను జెండా వేలునే చూడాలి. చూశాననే చెబుతాను, ఎవరడిగినా.

మరుగుదొడ్డి గాల్లోకి లేచింది. ఇంత ఎత్తు నుంచి మనిషి కళ్లు కనిపించవు బావా. హెల్మెట్లు మాత్రమే కనిపిస్తాయి. అక్క కళ్లు మూసుకునే ఉంటుందనుకున్నాను. లోడును కుడికి తిప్పాను, ఆ హెల్మెట్ వెనక్కి వాలి కుడికి తిరిగింది. ఎడమకు తెచ్చాను, ఎడమకు తిరిగింది. అనుమానమొచ్చి, అవసరం లేకపోయినా మరో మూర పైకి ఎత్తాను. హెల్మెట్ ఇంకా వెనక్కి వాలి కింద పడిపోయింది. ఆమె దాన్ని తీసుకోవడానికి వంగలేదు. అలాగే పైకి చూస్తూ నిలబడింది.

నీ బామ్మర్ది